మిస్రవ్వ

మా చిన్నబాపు రెండో మారు కువైట్ నుంచి వచ్చినప్పుడు
ఒక వీసీఆర్ తెచ్చిండు, బొంతలసొంటి రగ్గులు రెండు తెచ్చిండు,
యజమానురాలు చెత్తల వెయ్యమంటే
వెయ్య మనసొప్పక దాసుకున్న ఆరు క్యాసెట్లు తెచ్చిండు.

కోరుట్లల మా వాడకట్టు ఆడోళ్లు
ఒళ్లె చాటలు పెట్టుకొని సూసిండ్రు.
బీడీ సుట్టెటోళ్ల చేతులకు
కండ్లతోని పనిలేదు.
వెయ్యి బీడీలు అయ్యే దాక
కండ్లు ఉత్తగనే ఉంటయి,
వాటికేదో ఒకటి కావాలె.

భాష తెల్వది. అట్టల మీది రాత
కుడి నుంచి ఎడమకు పోతది, అంకెలు లేవు.
గందుకే ఆమె బతుకు మాకు
ముసలితనంతోని మొదలైంది.
మొదటి దాంట్ల
కోర్టు మెట్ల మీద కొడుకు చెప్పులు పట్టుకొని కూసున్న తల్లి.
రెండో దాంట్ల పదహారేండ్ల పిల్ల,
తెరచాప పడవల నడుమ నీళ్లల్ల కాళ్లాడిస్తది.
"ధర్మపురి గోదారే, ఒడ్డే వేరు" అన్నది మా చిన్నమ్మ.
మూడో దాంట్ల విడాకుల కాయితాన్ని
నాలుగు మడతలు వెట్టి
ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టింది.
ఆ తాన రీలు వెనుకకు తిప్పి తిప్పి సూసిండ్రు.
నాలుగోది ఎవ్వలికీ యాదికి లేదు.

హాజీ మియా పేరు సదివి చెప్పిండు:
నజీహా షుక్రీ. మిస్ర్ దేశం.
గంగనర్సు పెద్దమ్మ ఊకుంటదా,
"అయితె మిస్రవ్వ" అన్నది.
ఆ రోజు సంది మా వాడకట్టు మనిషే.
పీఎఫ్ పైసలు ఆపినప్పుడు
"మిస్రవ్వైతే కార్ఖాన మెట్ల మీద కూసునేది" అన్నరు.
అన్నట్టే పోయి కూసున్నరు.

ఐదో క్యాసెట్ సగంల తెగింది.
ఇంకా తెల్లారలేదు. తలుపు సప్పుడు.
మిస్రవ్వ తడి చేతులు తుడుసుకొని
గొళ్లెం మీద చెయ్యేసింది.
ఆడికి గీతలు, ఉసిళ్ల లెక్క సుక్కలు.

తలుపవతల ఎవ్వలు?
పన్నెండేండ్లు కొట్లాడిండ్రు.
మా చిన్నమ్మ పోలీసులన్నది.
లచ్చుంబాయి, కోర్టు కాడి కొడుకే అన్నది.
గంగనర్సు ఏమనలేదు. ఆమె పెనిమిటి
బొంబాయి పోయి అప్పటికే తొమ్మిదేండ్లు.

నేను దోహల సెంట్రింగ్ పనికి పోతే
మా ఫోర్మన్ సలామా, మిస్ర్ మనిషి.
ఆమె పేరు చెప్పంగనే హెల్మెట్ తీసిండు.
మొదటి నుంచి వరుసగ చెప్పిండు:
పద్నాలుగేండ్లకు నాటకాల కంపెనీ,
ముప్పై ఎనిమిది సినిమాలు, ఇద్దరు మొగలు,
గొంతు చెడింది, వేషాలన్నీ తల్లివేషాలైనయి,
తర్వాత అవీ ఆగినయి.
ఆఖరుకు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు,
పక్కింటోళ్లు రొట్టె పంపుతుండిరట.

వరుసగ పెడితే ఎంత పొట్టి బతుకు!
మా ఇంట్లనైతే ఆఖరు క్యాసెట్‌ల ఆమె
రెండు జడలేసుకొని రైలెక్కింది,
కిటికీల నుంచి చెయ్యి ఊపింది.

తలుపు సంగతి గూడ అడిగిన.
"పాలోడు" అన్నడు సలామా.
"పాత బాకీ అడగ వస్తడు."

సెలవుల ఇంటికొచ్చి,
చెప్పకుంటే మంచిగుండు అనుకుంటనే చెప్పిన.
గంగనర్సు బీడీకి దారం బిగించి, పంటితోని తెంపి
"పాలోడో ఎవడో,
ఒకడు వచ్చిండు గదా" అన్నది.

ఇప్పుడా రీళ్లు మా మక్క సేన్ల ఉన్నయి.
కట్టె నుంచి కట్టెకు గుంజి కట్టినం.
గాలి పెడితే
గొంతు చెడ్డ మనిషి లెక్క గొణుగుతయి,
రామసిలుకలు దగ్గరి దాక వచ్చి మర్లుతయి.
కోర్టు మెట్లు ఏ కట్టె కాడున్నయో,
ఆ గొళ్లెం ఏడున్నదో తెల్వది.
నీళ్లు కట్టేటప్పుడు
తల వంచి, కింది నుంచి పోతం.